దండ లేని పటం

చిత్తూరులో సినిమా నిర్మాత ధనంజయ అంటే ఎవరూ గుర్తుపట్టరు. షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే సప్లయర్స్ అంగడి ధనంజయ అంటే మాత్రం ఆటోవాడు నేరుగా తీసుకొచ్చి అంగడి ముందు దించుతాడు. ఆ అంగడే ఆయన్ను నిర్మాతను చేసింది. మూఢాల్లో, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. జనరేటరూ, లైట్లూ, కుర్చీలూ, అన్నం వండే గుండిగలూ గోడౌన్లో దుమ్ముపట్టి పడుంటాయి. వాటికి ఏదో ఒక పని పెడదామని ఆలోచించి ఆలోచించి ఆయన దయ్యాల దగ్గర తేలాడు. ప్రేమకథ తీయాలంటే అందమైన ఊళ్ళు చూపించాలి. ఫైట్ల సినిమా తీయాలంటే కార్లు ఎగరేయాలి. దయ్యానికి అలాంటి కోరికలేవీ ఉండవు. పాడుబడ్డ కట్టడం ఒకటి, నాలుగు లైట్లు, సమయానికి వాటిని ఆర్పేసే మనిషీ ఉంటే సర్దుకుపోతుంది.

మిగతా పనంతా మునికుమార్‌ది. తిరుపతిలో పెళ్ళి వీడియోలు తీసి చేయి తిరిగినవాడు. కెమెరా అతనే, ఎడిటింగ్ అతనే, డైరెక్షన్ అతనే. కథ కూడా అతనిదేనని తెరమీద పడుతుంది గానీ, ఆ కథ ఎక్కడుందో వేలుపెట్టి చూపించినవాడు ఇంతవరకూ లేడు. ఇద్దరూ కలిసి మూడు సినిమాలు తీశారు. మొదటిదాంట్లో దయ్యాన్ని బావిలో పెట్టారు, రెండోదాంట్లో బస్సులో పెట్టారు, మూడోదాంట్లో బీరువాలో పెట్టారు. ఎక్కడ పెట్టినా జనం భయపడలేదు. పలమనేరు థియేటర్లో దయ్యం బీరువా తలుపు తెరుచుకుని బయటికి వస్తుంటే ఎవడో వెనక నుంచి, "తలుపేసి రాక్కా, బొద్దింకలు దూరతాయి!" అని అరిచాడు. హాలంతా పడీపడీ నవ్వింది. వెనక వరసలో కూర్చున్న ధనంజయ తలమీద తువ్వాలు కప్పుకుని బయటికి వచ్చేశాడు.

"నీ దయ్యాల్ని సూసి భయపడేది ఈ ఊర్లో నేనొక్కదాన్నే. అది కూడా కరెంటు బిల్లు వచ్చినప్పుడు," అనేది ఆయన భార్య పంకజాక్షి.

నాలుగోసారి మునికుమార్ దయ్యాన్ని పటంలో పెడదామన్నాడు. పాత ఇంట్లో గోడకు ఒక పిల్ల పటం ఉంటుంది. దానికి దండ, గంధం, కుంకుమబొట్టు. ఆ ఇంట్లో అద్దెకు దిగిన అమ్మాయిని పటంలో పిల్ల ఆవహిస్తుంది. చివర్లో హీరో పటానికి నిప్పు పెడితే దయ్యం పీడ వదులుతుంది. సినిమా పేరు కూడా అప్పుడే కుదిరింది, 'పటంలో పిల్ల' అని. ధనంజయకు మొదటిసారి వెన్నులో చలిపుట్టింది. ఇది ఆడుతుందని ఆయన మనసు గట్టిగా చెప్పింది.

చిక్కల్లా పటం దగ్గరే వచ్చింది. హీరోయిన్‌గా పెట్టుకున్న తిరుపతి అమ్మాయి రూపశ్రీ ఫోటోనే వాడుకుందామనుకున్నారు. ఆమె రెండు చేతులూ జోడించింది.

"నెత్తురు పూసుకోమంటే పూసుకుంటా సార్. మిద్దెమీద నుంచి దూకమన్నా దూకతా. నా ఫోటోకు దండ మాత్రం ఎయ్యొద్దు. మాయమ్మకు తెలిస్తే బతకదు."

ధనంజయ ఆ మాట విని మెచ్చుకున్నాడే తప్ప కోప్పడలేదు. ఆయన పాపభీతి కలవాడు. కాణిపాకం వినాయకుడికి టెంకాయ కొట్టకుండా కెమెరా బయటికి తీయనివ్వడు. బతికున్న మనిషి పటానికి దండ వేయడమంటే ఆ మనిషి ఆయుష్షు కోయడమేనని ఆయన నమ్మకం. అయినా పని జరగాలి కదా అని ఇంట్లో మెల్లగా కదిపి చూశాడు.

"నా ఫోటోనా? నేనింకా గుండ్రాయి మాదిరి ఉండానప్పా," అంది పంకజాక్షి. "పొయినాక ఏసుకో. అబ్బుడు నేను అడ్డం చెప్పను."

లేని మనిషి మొహాన్ని కంప్యూటర్లో పుట్టించొచ్చు అన్నాడు మునికుమార్. పుట్టించాడు కూడా. ఆ పిల్ల సబ్బు ప్రకటనలో పిల్లలా తళతళ మెరుస్తోంది. ఇలాంటి పిల్ల చిత్తూరు జిల్లాలో చచ్చిపోయిందంటే ఎవరు నమ్ముతారు అన్నాడు ధనంజయ. బతికున్నవాళ్ళ పటం పాపం, కంప్యూటర్ పటం అబద్ధం. ఇక మిగిలింది నిజంగా చనిపోయినవాళ్ళ పటం. పాపం అంటకుండా బయటపడే దారి దొరికిందని ఆయన సంతోషించాడు. పాపం ఆ దారిలోనే కాచుకుని కూర్చుందని ఆయనకు తోచలేదు.

టెంకాయ కొట్టడానికి కాణిపాకం పోయినప్పుడు, గుడి దారిలో ఫోటో స్టూడియో పెట్టుకున్న నరేంద్రను అడిగాడు. వచ్చేపోయే యాత్రికులకు ఫోటోలు తీసేవాడు నరేంద్ర. పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి పటాలు కట్టివ్వడం కూడా అతని వ్యాపారమే. అటకమీద నుంచి పాత పేపర్లో చుట్టిన పటం ఒకటి దించి దుమ్ము దులిపాడు.

"ఇది ఒకాయన పెద్దది చేసి కట్టమని ఇచ్చిపోయినాడన్నా. బిడ్డ పోయిందంట. ఏడాది దాటింది. మళ్ళీ ఈ పక్కకే రాలేదు."

పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి ఆ పిల్లకు. వెనక నీలం గుడ్డ. నూనె పెట్టి బిగించి దువ్విన జడ. ఉద్యోగం కోసం తీయించుకున్న ఫోటో అని చూడగానే తెలుస్తోంది. నవ్వకూడదని ఎవరో చెప్పి కూర్చోబెట్టినట్టున్నారు. పెదాలు బిగబట్టింది గానీ కళ్ళలో నవ్వును ఆపలేకపోయింది.

"వాళ్ళొచ్చి అడిగితే?" అన్నాడు ధనంజయ.

"ఏడాదిగా రానోళ్ళు ఇబ్బుడొస్తారా? ఎత్తకపోన్నా."

ధనంజయ పటాన్ని కళ్ళకద్దుకుని, "ఏమీ అనుకోవద్దు తల్లీ," అని మనసులో అనుకున్నాడు. అంతటితో ఆయన మనసు తేలికపడింది. నిజం చెప్పాలంటే అంత తేలిగ్గా పడకూడదు.

పలమనేరు రోడ్డులో మూతపడిన మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కిటికీలకు షామియానా గుడ్డలు కట్టి పట్టపగలే చీకటి చేసి అక్కడే సినిమా మొత్తం లాగించేశారు. ఎప్పటి పండ్లదో గానీ పులిసిన వాసన ఇంకా గోడల్లో ఉంది. ఆ వాసనకే రూపశ్రీకి కళ్ళలో నీళ్ళొస్తే, అది నటన అనుకుని మునికుమార్ మురిసిపోయాడు. పటం కాల్చే సీను ఆఖరిరోజు పెట్టుకున్నారు. ఉన్నది ఒకటే పటం కాబట్టి ఒకే దెబ్బలో తీయాలి. బాగా అంటుకోవాలని ముందుగా అద్దం తీసేశారు. పటం వెనక అట్టకు ఒక చిన్న కవరు అంటించి ఉంది. నిప్పు ముట్టించే తొందరలో దాన్ని విప్పి చూసినవాళ్ళు లేరు. మంట భగ్గుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మడికాయ కొట్టి, పులిహోర తిని ఇళ్ళకు పోయారు.

సినిమా శుక్రవారం వచ్చింది. శని, ఆదివారాలు హాళ్ళు బోసిగా ఉన్నాయి. సోమవారం మునికుమార్ ఒక పని చేశాడు. పటంలో ఉన్నది నిజంగా చనిపోయిన అమ్మాయి అని ఫోన్లలో మెల్లగా పాకించాడు. చెప్పినప్పుడు ధనంజయ వద్దనలేదు. నిజమే కదా, అబద్ధం కాదు కదా అనుకున్నాడు. వారం తిరిగేసరికి హాళ్ళు కిక్కిరిసిపోయాయి. పుత్తూరులో ఎవరో అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయిందట. పాత పోస్టర్లు పీకేసి కొత్తవి వేయించారు. వాటిమీద హీరో లేడు, రూపశ్రీ లేదు. దండ వేసిన ఆ పిల్ల మొహం ఒక్కటే ఉంది, కళ్ళకు ఎర్రరంగు పులిమి. చెన్నై నుంచి ఒకాయన కారులో వచ్చి, తమిళంలోకి మారుస్తానని, రెండో భాగం కూడా తానే తీస్తానని, సినిమాను సర్వహక్కులతో కొనుక్కుపోయాడు.

ధనంజయ తిరుమలకు నడిచిపోయి గుండు కొట్టించుకుని వచ్చాడు. లడ్డూ కవరు చేత్తో పట్టుకుని అంగడి మెట్లెక్కుతుంటే లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి కూర్చుని ఉన్నారు. పెళ్ళికి పాత్రలు మాట్లాడుకోవడానికి వచ్చారనుకున్నాడు. ఆ మనిషి లేచి నిలబడ్డాడు. చొక్కా భుజాలమీద బెల్లం మరకలు అట్టకట్టి ఉన్నాయి. ధనంజయ గుండు చూసి ఆయన మొహం మారింది.

"మీ ఇంట్లో ఎవరన్నా పొయినారా సామీ?" అని మెల్లగా అడిగాడు. "అట్లైతే మేము ఇంగోనాడు వస్తాము."

"లేదు లేదు, మొక్కు. కూర్చోండి," అన్నాడు ధనంజయ.

ఆయన పేరు చెంగయ్య. చిత్తూరు బెల్లం మండీలో మూటలు మోసే పని. ఆమె భార్య ఆనందమ్మ. కాణిపాకం దగ్గర చిన్న పల్లె. చెంగయ్య జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్లమీద పరిచాడు. గోడమీద నుంచి జాగ్రత్తగా తడిపి ఊడదీసిన పోస్టరు ముక్క అది.

"ఈ బిడ్డ మా కోమలి," అన్నాడు.

ధనంజయ చేతిలో లడ్డూ కవరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అరుస్తారు, తిడతారు, నలుగుర్నీ పోగేస్తారు అనుకున్నాడు. ఏం చెప్పాలో లోపల సిద్ధం చేసుకోసాగాడు. ఆనందమ్మ మాత్రం చేయి చాపింది.

"మా పటం మాకిచ్చెయ్యప్పా. దండ తీసేసి ఇయ్యి."

ఆ వెంటనే అంతా చెప్పుకుపోయింది. కోమలి తడ దగ్గర ఫోన్లు తయారుచేసే కంపెనీలో పనికి కుదిరింది. అక్కడే హాస్టల్లో ఉండేది. జ్వరంతో ఇంటికొచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోతే వట్టి చేతులతో తిరిగొచ్చారు.

"ఈయన నాకు చెప్పకుండా ఫోటోను పెద్దది చేయను ఇచ్చొచ్చినాడు. తెలిసినాక నేనే గొడవ పెట్టుకుంటి. గోడకు పెట్టి దండేస్తే నా బిడ్డ పొయినట్టే గదా. తెస్తే నేను ఈ ఇంట్లో ఉండనంటి. అందుకే ఈయన మళ్ళీ ఆ పక్కకే పోలేదు. తప్పు నాదే."

"ఇంట్లో ఇంకో ఫోటో లేదా అమ్మా?" అన్నాడు ధనంజయ.

"ఆధార్ కార్డులో ఉండేది నా బిడ్డ గాదప్పా, ఎవరో దొంగను పట్టకొచ్చి నిలబెట్టినట్టు ఉంటాది. దాని ఫోన్లో శానా ఉన్నిందంట. తాళం పడిపోయిందని అంగట్లో ఇస్తే తెరిచిచ్చినాడు. తెరిస్తే లోపల ఏమీ లేదు. అన్నీ తుడిచేసినాడు." ఆమె బల్లమీది పోస్టరు ముక్కను బోర్లా తిప్పింది. "ఫోటో లేకున్నా నాకేం అనుకుంటి. కండ్లు మూస్తే కనపడతా ఉన్నింది గదా. ఇబ్బుడు కనపడడం లేదు. దాని గొంతు గుర్తుండాది, నడక గుర్తుండాది. మొగం తలుచుకుంటే మీరు బస్టాండులో అతికించిన ఆ ఎర్ర కండ్లే వస్తా ఉండాయి. నా బిడ్డ మొగం పోగొట్టుకుంటినప్పా. ఆ పటం ఒక్కసారి చూసుకుంటే మళ్ళీ వస్తాదేమో."

ధనంజయ లడ్డూ కవరు బల్లమీద పెట్టాడు. కుర్చీ వెనక భాగం గట్టిగా పట్టుకున్నాడు. చెంగయ్య ఆయన మొహంలోకే చూస్తున్నాడు. "మే, గొంతు ఎండకపోతా ఉండాది. ఆడ కొళాయి ఉండాది, ఈ సీసాలో నీళ్ళు పట్టకరా," అని భార్యను బయటికి పంపాడు. ఆమె మెట్లు దిగిందాకా ఆగాడు.

"నేను సినిమా సూసినా సామీ," అన్నాడు. "మండీ గోడకు అతికించినారు మీ పోస్టరు. టికెట్టు కొనుక్కోని పోయి సూస్తి. మాలో పెండ్లిగాని బిడ్డను కాల్చరు. నా చేతుల్తోనే గుంత తీసి పూడ్చిపెట్టినా. మీరు కాల్చినారు."

 క్షమించమని అడగడానికి కూడా ఒక అర్హత ఉండాలనిపించింది ధనంజయకు. ఆ అర్హత తనకు లేదని మాత్రం ఆయనకు స్పష్టంగా తెలిసింది.

"ఆమెకు తెలీదు. పటం మీకాడ భద్రంగా ఉండాదని చెప్పి తీసకొచ్చినా," అన్నాడు చెంగయ్య. "కాలిపొయిందని తెలిస్తే తట్టుకోలేదు. ఎట్లన్నా చేసి ఒక పటం ఇయ్యండి సామీ. ఇంగేమీ అడగను."

ఆనందమ్మ నీళ్ళసీసాతో తిరిగొచ్చింది. పటం తిరుపతిలో ఉందని, తెప్పించి ఇస్తానని ధనంజయ ఆమెకు చెప్పాడు. ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

ఆ మధ్యాహ్నమే కాణిపాకం పోయాడు. నరేంద్ర తలపట్టుకున్నాడు. యాత్రికుల ఫోటోలతో కంప్యూటర్ నిండిపోతుందని అతను పాతవి ఎప్పటికప్పుడు తీసేస్తుంటాడు. చెంగయ్య ఇచ్చిన చిన్న ఫోటో ఏమైందని అడిగితే, "పటం వెనక కవర్లో పెట్టి అంటించినా గదన్నా. తిరిగి ఇచ్చేటప్పుడు పోకుండా అట్లనే చేస్తాను," అన్నాడు. ఆ కవరు ధనంజయ కళ్ళముందు ఆడింది. మంటలో అది ముడుచుకుపోయింది కూడా ఆయనకు గుర్తే.

మర్నాడు తడకు పోయాడు. హాస్టల్లో అందరూ కొత్త పిల్లలే. కోమలితో పనిచేసిన అమ్మాయి ఒకతె మాత్రం ఇంకా ఉంది. తన ఫోన్లో ఒక ఫోటో వెతికి చూపించింది. కంపెనీ వాళ్ళు ఏదో పండగనాడు తీసిందట. అందరూ తెల్లకోట్లు, తలకు టోపీలు, మూతికి గుడ్డలు. వరసలో ఎవరు ఎవరో వాళ్ళ అమ్మలు కూడా పోల్చుకోలేరు. "ఇదిగో, ఇదే కోమలి," అని ఆ పిల్ల ఒక జత కళ్ళమీద వేలు పెట్టింది.

చెన్నై ఆయనకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, కనీసం ఆ పోస్టరు మార్పించమని బతిమాలాడు ధనంజయ. అవతల ఆయన చాలాసేపు విన్నాడు. విని, అమ్మా నాన్నా ఉన్నారా, వాళ్ళు కెమెరా ముందుకొచ్చి ఒక మాట చెబితే రెండో భాగానికి ఎంత బాగుంటుందో అన్నాడు. ధనంజయ ఫోన్ పెట్టేశాడు. అంగట్లో పనిచేసే మనుషులను తీసుకుని బకెట్లు, గీకుడు రేకులతో ఊరంతా తిరిగి, చిత్తూరు గోడలమీద ఉన్న పోస్టర్లన్నీ తన చేత్తో గీకేశాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. ఆడుతున్న సినిమాకు తనే పోస్టర్లు పీక్కునే నిర్మాతను ఎవరూ ఎక్కడా చూసి ఉండరు. గోడమీదవి గీకాడు గానీ మనుషుల చేతుల్లోని ఫోన్లలో ఉన్నవాటిని ఏం చేయగలడు. ఆ సినిమా ఇంక ఆయన మాట వినదు.

మిగిలింది మునికుమార్ గది. తిరుపతిలో రైల్వేగేటు దగ్గర మేడమీద ఉంటుంది. సినిమాలో పటం కనిపించే ప్రతి ముక్కనూ ఇద్దరూ కూర్చుని చూశారు. ఎక్కడ చూసినా దండ ఉంది. గడ్డమూ, చెంపలో సగమూ దండ కిందే ఉన్నాయి. నుదుటిమీద అంత పెద్ద బొట్టు. మునికుమార్ కంప్యూటర్లో దండను చెరిపి, బొట్టును చెరిపి, దండ కింద కనబడని గడ్డాన్నీ చెంపనూ కొత్తగా గీసి ఒక మొహం చేశాడు. చక్కగానే కుదిరింది. ధనంజయ దాన్ని ఫోన్లో పెట్టుకుని బెల్లం మండీకి పోయి చెంగయ్యకు చూపించాడు. ఆయన మూట దించి, చేతులు తుడుచుకుని, ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు.

"బాగుండాది సామీ," అన్నాడు. "బిడ్డ అందంగా ఉండాది. అయితే ఈ బిడ్డ మా పాప గాదు."

తిరిగి తిరుపతికి పోయిన ధనంజయ మునికుమార్ గది మెట్లమీదే కూలబడ్డాడు. ఒకరి బిడ్డ మొహాన్ని ప్రపంచం నుంచి చెరిపేసిన మనిషి తనేనని ఆయనకు అప్పటికి పూర్తిగా అర్థమైంది. దయ్యాలు కూడా ఇంత పని చేయవు. మూడు సినిమాల్లోనూ ఆయన దయ్యాలు మహా అంటే మెడలు కొరికాయి. గుండుమీద చేయి పెట్టుకుని, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా ఆయన ఏడ్చాడు.

మునికుమార్ పక్కన వచ్చి కూర్చున్నాడు. అతనికీ మొహం చెల్లడం లేదు.

"ఒగటి మిగిలుండాదన్నా," అన్నాడు. "పటం కాల్చింది పూర్తిగా సూళ్ళేదు మనం. సినిమాలో రొంతే వాడినా. మిగతాదంతా అట్లనే ఉండాది."

"అది సూడలేనప్పా."

"సూడాల్సిందే గదన్నా."

ఇద్దరూ లోపలికి పోయారు. తెరమీద మంట పటం కింది అంచును పట్టుకుంది. మునికుమార్ మెల్లగా, ఒక్కొక్క బొమ్మగా ముందుకు జరిపాడు. దండ ప్లాస్టిక్‌ది. వేడికి ముందు అదే కరిగి, ఒక్కసారిగా తెగి జారిపోయింది. అద్దం ముందే తీసేశారు కాబట్టి అద్దంమీది బొట్టు కూడా లేదు. మంట ఇంకా మొహం దాకా రాలేదు. రెప్పపాటు సేపు, అంతకన్నా తక్కువే, కోమలి మొహం ఏ అడ్డూ లేకుండా తెరమీద నిలిచింది. గడ్డం, చెంపలు, బిగబట్టిన పెదాలు, ఆగని ఆ నవ్వు. మునికుమార్ అక్కడ ఆపాడు. ఇద్దరూ తెరకు దగ్గరగా జరిగారు. తర్వాతి బొమ్మలో గడ్డం దగ్గర నల్లబడటం మొదలైంది.

ఆ ఒక్క బొమ్మను తీసుకుని, కింద మంట కనబడకుండా కత్తిరించారు. నరేంద్ర దాన్ని పెద్దది చేసి, అద్దం వేసి, మంచి చెక్కతో పటం కట్టాడు. మంటను కత్తిరించగలిగారు గానీ మంట వెలుగును తీయలేకపోయారు. తీయబోతే మొహమే మారిపోతోంది. నీలం గుడ్డ ముందు కూర్చున్న పిల్ల చెంపలమీద, కళ్ళలో పసుపూ ఎరుపూ కలిసిన వెలుగు అలాగే ఉండిపోయింది.

ధనంజయ ఆ పటాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పల్లెకు పోయాడు. ఒక గది, ముందర రేకుల వసారా. చెంగయ్య ఆ పూట పనికి పోలేదు. ఆనందమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని పటం అందుకుంది. వెలుతురు వైపు తిప్పి చూసింది. ధనంజయ గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆమె ఈ పిల్ల మా పాప కాదు అంటే తాను ఇంక వెతకడానికి చోటే లేదని ఆయనకు తెలుసు.

"ఇదే," అంది ఆనందమ్మ. "ఇదే మొగం. ఏమే, యాడికి పోతివే ఇన్నాళ్ళు?"

ఆమె పటాన్ని ఎదకు హత్తుకుని నేలమీద కూర్చుండిపోయింది. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ దూరంగా పట్టుకుని చూసింది. చెంగయ్య గోడవైపు తిరిగి నిలబడి తువ్వాలుతో మొహం గట్టిగా రుద్దుకుంటున్నాడు. కొంతసేపటికి ఆమె వేలితో ఆ చెంపమీద తడిమింది.

"మొగాన ఈ వెలుగేంది? అబ్బుడు ఇట్లా లేదే?"

 చెంగయ్య ఇటు తిరిగాడు. ఆయన కళ్ళు ఒక్కసారి ధనంజయను తాకి వెనక్కి పోయాయి.

"ఎండ మే," అన్నాడు. "పొద్దుటెండ."

ఆనందమ్మ తలూపింది. గదిలో నాలుగు పక్కలా చూసింది. చెంగయ్య వసారాలో కిటికీ పక్కన ముందే మేకు కొట్టి పెట్టుకున్నాడు. ఆమె అది చూసి వద్దంది.

"ఆడ పొద్దన్నే ఎండ పడతాదయ్యా. ఇప్పటికే ఎండలో కూసోనుండాది బిడ్డ," అంది. తర్వాత ధనంజయ వైపు చూసింది. "నువ్వన్నా చెప్పప్పా ఈయనకు. లోపల ఆ సల్లటి గోడకు పెట్టమను. బిడ్డకు రొంత నీడ కావాల."

ధనంజయ చెప్పులు విడిచి లోపలికి పోయి, చెంగయ్య అందించిన సుత్తి తీసుకుని, ఆమె చూపించిన గోడకు మేకు కొట్టాడు.